మీది ఉన్నవాళ్ళ ఇల్లేనా? ఆదాయాలు సరిగ్గా పోల్చుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఒకటే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "పెద్దబ్బాయికి హైదరాబాదులో అరవై రెండు వేలు. చిన్నబ్బాయికి పైడిభీమవరం మందుల కంపెనీలో పదిహేను వేలు. పెద్దవాడు స్థిరపడ్డట్టేనా, చిన్నవాడు వెనకబడ్డట్టేనా?" అని ఒకరు. "నెలకు ఎంత వస్తే కలిగినవాళ్ళ కింద లెక్క?" అని ఇంకొకరు. సంబంధాలు వెతికే నెలల్లో ఈ ప్రశ్న మరీ ఎక్కువ. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పే బదులు, లెక్క ఎలా వేసుకోవాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. జవాబు మీకు మీరే తేల్చుకోవచ్చు.

ముందే ఒక మాట. నలుగురిలో చెప్పుకునే జీతం అంకె ఇంటి స్థితిని చెప్పదు. ఆ అంకె వెనక ఎందరు తింటున్నారు, అద్దె ఎంత, అప్పు ఎంత, అది రేపు ఆగిపోతే ఎన్నాళ్ళు గడుస్తుంది అన్నవి కలిస్తేనే స్థితి. అందుకే దశలు కాస్త ఎక్కువ. ఒక సాయంత్రం కూర్చుంటే పూర్తవుతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

గళ్ళ నోటుపుస్తకం, పెన్ను. గత 12 నెలల ఎంట్రీలు పడిన బ్యాంకు పాసుపుస్తకాలు, ఇంట్లో అందరివీ. జీతం ఉన్నవాళ్ళ పే స్లిప్పులు. ధాన్యం అమ్మిన రసీదులు, పట్టాదారు పాసుపుస్తకం. డ్వాక్రా పుస్తకం, బంగారం తాకట్టు చీటీలు, ప్రామిసరీ నోట్ల నకళ్ళు. వర్గమూలం గుర్తు ఉన్న కాలిక్యులేటర్ (చాలా ఫోన్లలో అడ్డంగా తిప్పితే వస్తుంది). అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో పాల డబ్బు, కిరాణా బాకీ, చీటీపాట ఎవరి చేతిలో ఉంటాయో ఆ మనిషి. చాలా ఇళ్ళలో ఆమె లేకుండా వేసిన లెక్క సగం లెక్కే.

ఉదాహరణ కోసం రెండు ఇళ్ళు తీసుకుంటాను. రెండూ నేను అల్లినవే, ఎవరినీ ఉద్దేశించినవి కావు. ఒకటి రాజాం వైపు పల్లె: మూడెకరాల వరి, రెండు గేదెలు, ఇంట్లో భార్యాభర్తలు, నాయనమ్మ, పైడిభీమవరంలో పనిచేసే చిన్నకొడుకు, డిగ్రీ చదివే కూతురు, మొత్తం ఐదుగురు. రెండోది అదే ఇంటి పెద్దకొడుకుది: హైదరాబాదులో ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు.

1. ఇల్లంటే ఎవరో ముందు గీత గీయండి

ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక ఇల్లు. ప్రభుత్వ సర్వేలూ ఇదే పద్ధతి పాటిస్తాయి. కాగితాల మీద కార్డు వేరైనా కూడు ఒక్కచోటే అయితే ఒక ఇల్లే. గోడ ఒకటే అయినా వంటలు వేరైతే రెండు ఇళ్ళు.

చిక్కు వలస వెళ్ళినవాళ్ళ దగ్గర వస్తుంది. గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్ళే మత్స్యకారుడు ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే తింటాడు, భార్యాపిల్లలు మాత్రం ఊళ్ళోనే ఉంటారు. అలాంటప్పుడు అతణ్ణి ఈ ఇంట్లోనే కలపండి, కానీ అక్కడ అతని తిండికీ బసకూ అయ్యే ఖర్చు ఆదాయంలోంచి తీసేయండి. పెళ్ళాం పిల్లలతో కాపురం మార్చుకున్నవాడిది మాత్రం వేరే ఇల్లు. అతను పంపే డబ్బు ఇక్కడ ఆదాయం, అక్కడ ఖర్చు. రెండు చోట్లా ఆదాయంగా రాస్తే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. నాకు వచ్చే లెక్కల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

2. పన్నెండు నెలలు పట్టండి, ఒక నెల కాదు

మే నెలలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు జీడి రైతును అడిగితే ఒక మాట, ఆగస్టులో అడిగితే ఇంకో మాట చెబుతాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలల్లో తీరం ఇళ్ళను చూస్తే బీద అనిపిస్తాయి, మంచి వేట పడిన నెలలో చూస్తే గొప్ప అనిపిస్తాయి. వ్యవసాయం ఉన్న ఇల్లు జూన్ నుంచి మే వరకు, ఉద్యోగం ఇల్లు ఏప్రిల్ నుంచి మార్చి వరకు తీసుకోవచ్చు. పోల్చే రెండు ఇళ్ళకూ ఒకే పన్నెండు నెలలు ఉంటే ఇంకా మంచిది.

హెచ్చరిక: బాగా వచ్చిన నెలను పన్నెండుతో హెచ్చించవద్దు. ఆటో, తాపీపని, వేట, పెళ్ళిళ్ళ వంట, మేళం, వీటిలో ఏది ఉన్నా నెల నెలా విడిగా రాసి కూడాలి.

3. వచ్చినదంతా రాయండి

ఇక్కడ నెమ్మదిగా వెళ్ళాలి. ఒక్కో రకం ఆదాయానికి ఒక్కో మెలిక ఉంది.

జీతం: ప్యాకేజీ కాదు, బ్యాంకులో పడిన మొత్తం రాయండి. మన పెద్దకొడుకు ప్యాకేజీ ఏడాదికి 9 లక్షలు, అంటే నెలకు 75,000 అని బంధువుల లెక్క. ఖాతాలో పడేది 62,000. మిగతాది యజమాని వాటా పీఎఫ్, అతని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా, ఏడాదికోసారి ఇస్తే ఇచ్చే ప్రోత్సాహకం, వృత్తి పన్ను కింద పోతుంది. పీఎఫ్ పోయిన డబ్బు కాదు, దాచిన డబ్బు. దాన్ని వేరే పేజీలో రాసుకోండి, నెల ఆదాయంలో కలపవద్దు. అతని ఏడాది: 7,44,000. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి జీతగాళ్ళకు 12,75,000 వరకు ఆదాయపు పన్ను పడదు కాబట్టి ఇందులోంచి పన్ను తీసేయక్కర్లేదు.

వరి: పండిన బస్తాలన్నీ రాయండి, అమ్మినవి మాత్రమే కాదు. ఇంటికి ఉంచుకున్న తిండిగింజలూ ఆదాయమే, కొనుక్కుంటే డబ్బయ్యేది కదా. మన వైపు బస్తా అంటే 80 కిలోలు. కొన్ని చోట్ల 75 కిలోలది, కాబట్టి ఇంకో జిల్లా వాళ్ళతో పోల్చేటప్పుడు బస్తాల్లో కాకుండా క్వింటాళ్ళలో మాట్లాడండి. 2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369. అంటే 80 కిలోల బస్తాకు 1,895. ఈ ధర అందరి చేతికీ అలాగే అందదు. తేమ 17 శాతం దాటిందని, తరుగని, నూక ఎక్కువని చెప్పి బస్తాకు కొన్ని కిలోలు అదనంగా పట్టుకుంటే మీ ధర అంత మేరకు తగ్గినట్టే. రసీదు మీద రాసిన అంకె కాదు, చేతికొచ్చిన డబ్బును బస్తాలతో భాగించి చూడండి.

మన పల్లె ఇంట్లో ఎకరాకు 25 బస్తాల చొప్పున 75 బస్తాలు, మద్దతు ధర లెక్కన 1,42,125. దమ్ము, నారు, ఊడ్పు, ఎరువు, మందు, కోత యంత్రం, బయటి కూలీలు కలిపి ఎకరాకు 28,000 చొప్పున 84,000 ఖర్చు. మిగిలింది 58,125. ఇంటివాళ్ళు సొంతంగా చేసిన పనికి ఇందులో కూలి కట్టలేదు. కడితే చాలా ఇళ్ళలో వరి మీద మిగిలేది గడ్డే.

జీడి, కొబ్బరి, మామిడి: ఒక ఏడాది లెక్క చాలదు. మూడేళ్ళు కూడి మూడుతో భాగించండి. ఉద్దానంలో జీడిపిక్కలనూ 80 కిలోల బస్తాల్లోనే కొలుస్తారు. బస్తాకు 16,000 గిట్టుబాటు ధర కావాలని రైతులు అడుగుతూ వచ్చారు. అడిగిన ధర వేరు, పలాస బజారులో పలికిన ధర వేరు. పలికినదే రాయండి.

పాలు: కేంద్రానికి పోసిన పాల డబ్బులోంచి తవుడు, దాణా, గడ్డి, పశువైద్యం తీసేస్తే మిగిలేది. మన ఇంట్లో నెలకు 5,000, ఏడాదికి 60,000.

కూలి, ఉపాధి పని: 2025-26కి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307. కొలతను బట్టి కట్టడం వల్ల చాలామందికి అంతకన్నా తక్కువ పడుతుంది. పాసుపుస్తకంలో పడినదే రాయండి. మన ఇంట్లో ఇద్దరూ కలిసి 80 పనిదినాలు, సగటున 280 చొప్పున 22,400.

ప్రభుత్వం నుంచి వచ్చేవి: నాయనమ్మ పింఛను నెలకు 4,000, ఏడాదికి 48,000. రైతుకు కేంద్రం 6,000, రాష్ట్రం 14,000 కలిపి 20,000. ఇవి రాయడానికి కొందరు మొహమాటపడతారు. మొహమాటం ఎందుకు, ఆ డబ్బుతోనే కదా ఎరువు కొన్నది. మత్స్యకార కుటుంబమైతే వేట నిషేధ భృతి 20,000 కూడా రాయాలి.

దుకాణం: గల్లాలో పడినది ఆదాయం కాదు. సరుకు కొన్న ధర, అద్దె, కరెంటు, రాని బాకీలు తీసేయాలి. మళ్ళీ కొట్లోంచి ఇంటికి తెచ్చుకున్న పప్పు, నూనె, సబ్బులు కలపాలి. విజయనగరం గంటస్తంభం దగ్గర రోజుకు 10,000 గల్లా పడే కొట్టు ఉండి, రోజుకు 800 మిగలని వాళ్ళు ఉంటే ఆశ్చర్యపోవద్దు.

పల్లె ఇంటి మొత్తం: వరి 58,125, పాలు 60,000, చిన్నకొడుకు జీతం 1,80,000, ఉపాధి 22,400, పింఛను 48,000, రైతు సాయం 20,000, పెద్దవాడు నెలకు 8,000 చొప్పున పంపేది 96,000. కలిపితే 4,84,525.

రాయకూడనివి కూడా ఉన్నాయి. బ్యాంకు నుంచి తెచ్చిన అప్పు ఆదాయం కాదు. డ్వాక్రా రుణం ఆదాయం కాదు. పాడిన చీటీ ఆదాయం కాదు, చాలావరకు మీరు కట్టినదో కట్టబోయేదో. అమ్మిన స్థలం డబ్బు, ఇంటికొచ్చిన కట్నకానుకలు ఒక్కసారి వచ్చేవి, వాటికి వేరే పేజీ. ఆ ఒక్క ఏడాది అంకె చూసుకుని "మాకు ఏడాదికి పది లక్షలు" అని చెప్పుకునేవాళ్ళు మూడో ఏడాది మాట్లాడరు.

4. చేతిలో నిలవనిది తీసేయండి

వడ్డీ, అద్దె, వేరే ఇంటికి పంపే డబ్బు. ఈ మూడూ తప్పనిసరిగా తీసేయాలి.

వడ్డీని ఊళ్ళో నెలల లెక్కలో చెబుతారు, చిన్నదిగా వినిపిస్తుంది. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పల్లె ఇంటికి బయట లక్ష అప్పుంది, ఏడాదికి 24,000 వడ్డీ. మిగిలింది 4,60,525. అసలు తీర్చిన డబ్బు తీసేయవద్దు, అది మీరు దాచుకున్నదానికి సమానం.

పెద్దకొడుకు ఇంట్లో అద్దె నెలకు 20,000, ఏడాదికి 2,40,000. ఊరికి పంపేది 96,000. 7,44,000లోంచి రెండూ పోతే 4,08,000.

సొంత ఇల్లు ఉన్నవాళ్ళను అద్దె ఇంటివాళ్ళతో పోల్చడానికి రెండు దారులున్నాయి. అద్దె కట్టేవాడి ఆదాయంలోంచి అద్దె తీసేయడం ఒకటి. సొంత ఇంటివాడి ఆదాయానికి ఆ ఇల్లు అద్దెకిస్తే వచ్చేంత కలపడం ఇంకొకటి. ఏదో ఒకటే చేయండి. రెండూ చేస్తే అద్దెను రెండుసార్లు లెక్కేసినట్టు. నేను మొదటిదాన్నే వాడతాను, పల్లెలో ఇంటికి అద్దె ఎంతో ఊహించడం కష్టం కాబట్టి.

5. తలలతో కాదు, వర్గమూలంతో భాగించండి

ఐదుగురి ఇంటికి ఒకరి ఇంటికన్నా ఐదు రెట్లు ఖర్చు కాదు. ఒకే ఫ్యాను, ఒకే గ్యాసు బండ, ఒకే టీవీ. అందుకని ఇంటి ఆదాయాన్ని మనుషుల సంఖ్య వర్గమూలంతో భాగించడం చాలా దేశాల్లో వాడుకలో ఉన్న పద్ధతి. ఇద్దరికి 1.41, ముగ్గురికి 1.73, నలుగురికి 2, ఐదుగురికి 2.24, ఆరుగురికి 2.45, ఏడుగురికి 2.65.

పల్లె ఇల్లు: 4,60,525ని 2.24తో భాగిస్తే 2,05,592. నెలకు దాదాపు 17,100.

హైదరాబాదు ఇల్లు: 4,08,000ని 2తో భాగిస్తే 2,04,000. నెలకు 17,000.

అరవై రెండు వేలకూ పదిహేను వేలకూ మధ్య ఉన్నట్టు కనిపించిన దూరం వంద రూపాయలకు వచ్చింది. ఇది అందరి ఇళ్ళలోనూ ఇలాగే తేలుతుందని కాదు. పల్లె ఇంట్లో గేదెలు, పింఛను, అన్న పంపే డబ్బు లేకపోతే కథ మారిపోతుంది. కానీ ఇద్దరి జీతాలూ పక్కపక్కన పెట్టి "వీడు పైకొచ్చాడు, వాడు రాలేదు" అనేవాళ్ళు ఈ మధ్యలో ఉన్నవేవీ చూడలేదన్నది మాత్రం నిజం.

6. ఇక బయటి కొలతతో పోల్చండి

మన దేశంలో ఇంటింటి ఆదాయాల మీద నమ్మదగిన వివరాలు తక్కువ. ఖర్చు మీద ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ గృహ వినియోగ వ్యయ సర్వే 2023-24 ప్రకారం ఒక మనిషి నెల ఖర్చు సగటున దేశంలో పల్లెల్లో 4,122, పట్టణాల్లో 6,996. ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో 5,327, పట్టణాల్లో 7,182. తెలంగాణ పట్టణాల్లో 8,978. దేశం మొత్తం మీద పట్టణాల్లో బాగా ఖర్చు పెట్టే పై 5 శాతం మంది సగటు 20,310, పల్లెల్లో అలాంటి పై 5 శాతం సగటు 10,137.

వీటితో పోల్చడానికి మీ ఆదాయం వాడకూడదు, మీ ఖర్చే వాడాలి. పైగా ఇక్కడ వర్గమూలం కాదు, మామూలుగా తలలతోనే భాగించాలి, సర్వే అలాగే లెక్కేస్తుంది కాబట్టి. ఐదో దశలో వచ్చిన 17,000ను తెచ్చి ఈ 5,327 పక్కన పెట్టి మురిసిపోయేవాళ్ళు ఉంటారు. అది తప్పు.

పల్లె ఇల్లు సొంత బియ్యం విలువతో కలిపి నెలకు 28,000 ఖర్చు పెడుతుందనుకుందాం. తలకు 5,600. రాష్ట్ర పల్లెల సగటుకు కాస్త పైన. హైదరాబాదు ఇల్లు అద్దెతో కలిపి 48,000 ఖర్చు పెడితే తలకు 12,000. తెలంగాణ పట్టణాల సగటుకు బాగా పైన, పై 5 శాతానికి చాలా దూరం. అందుకే అతను ఊరొచ్చినప్పుడు కలిగినవాడిలా కనిపిస్తాడు, తన అపార్ట్‌మెంటులో మాత్రం మామూలు మనిషి.

తలసరి ఆదాయంతో పోల్చవద్దు. రాష్ట్ర తలసరి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటిందని పేపర్లో చూసి, ఐదుగురితో హెచ్చించి, "మాకు పన్నెండున్నర లక్షలు రావాలి కదా, ఎక్కడ?" అని అడిగేవాళ్ళున్నారు. అందులో కంపెనీల లాభాలూ కలిసి ఉంటాయి, అదంతా ఇళ్ళకు చేరేది కాదు. అది సగటు కూడా. ఒక వీధిలో తొమ్మిది ఇళ్ళకు రెండేసి లక్షలు, పదో ఇంటికి అరవై లక్షలు వస్తే సగటు ఏడు లక్షల ఎనభై వేలు. ఆ వీధిలో అంత ఆదాయం ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. మీ వీధితో పోల్చుకోవాలంటే ఇళ్ళను తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెట్టి మధ్యలో ఉన్న ఇంటిని చూడండి.

ప్రభుత్వ గీతలు కూడా కొందరు అడుగుతారు. రైస్ కార్డుకు పల్లెల్లో ఇంటి ఆదాయం నెలకు 10,000, పట్టణాల్లో 12,000 మించకూడదు. దానికి తోడు భూమి, కరెంటు యూనిట్లు, కారు వంటి షరతులు. ఆర్థికంగా వెనకబడిన అగ్రవర్ణాల రిజర్వేషన్‌కు కేంద్రం నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, భూమి ఐదెకరాల లోపు ఉండాలి. ఆదాయపు పన్ను ఇంకో గీత. అంటే ఏడాదికి లక్షా ఇరవై వేలు దాటితే ఒక కాగితం మీద మీరు బీదవాళ్ళు కారు, ఏడున్నర లక్షలు వచ్చినా ఇంకో కాగితం మీద వెనకబడినవాళ్ళే. ఒక్కో పథకం అవసరానికి ఒక్కో గీత గీశారు. ధనవంతుడెవరో చెప్పడానికి వీటిలో ఏదీ పుట్టలేదు.

7. ఆగితే ఎన్ని నెలలు?

నన్నడిగితే ఉన్నవాళ్ళెవరో చెప్పే దశ ఇదే. మిగతా దశలన్నీ వదిలేసినా దీన్ని వదలవద్దు.

ఇంట్లో అన్నిటికన్నా పెద్ద ఆదాయం ఏదో చూడండి. అది రేపటి నుంచి ఆగిపోయిందనుకోండి. వెంటనే చేతికొచ్చే డబ్బు ఎంతుందో కూడండి: బ్యాంకు నిల్వ, డిపాజిట్లు, బంగారం మీద వచ్చే తాకట్టు మొత్తం (బజారు విలువలో నాలుగింట మూడు వంతులకు మించి రాయవద్దు). ఇప్పటికే తాకట్టులో ఉన్న బంగారం రాయవద్దు. పొలం, స్థలం రాయవద్దు, అవసరం అని తెలిసిన రోజున అవి సగం ధరకే పోతాయి. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల సెంటు ఎంత పలుకుతోందో చెప్పి తమను కోటీశ్వరుల్లో వేసుకునేవాళ్ళకు ఈ దశ కొంచెం చేదుగా ఉంటుంది. ఆ కూడిక లోంచి బయటి అప్పులు తీసేయండి. మిగిలినదాన్ని నెలనెలా పడే లోటుతో భాగించండి.

పల్లె ఇల్లు: బ్యాంకులో 60,000, బంగారం మీద 1,80,000, అప్పు లక్ష. చేతిలో 1,40,000. చిన్నకొడుకు ఉద్యోగం పోతే నెలకు రావలసిన 15,000 మొత్తం లోటే అనుకున్నా తొమ్మిది నెలలు గడుస్తుంది.

హైదరాబాదు ఇల్లు: బ్యాంకులో 1,20,000, క్రెడిట్ కార్డు బాకీ 48,000. చేతిలో 72,000. జీతం ఆగితే ఊరికి పంపడం మానుకున్నా నెలకు 48,000 కావాలి. నెలన్నర.

నా కొలత ఇది, మీకు నచ్చకపోతే మార్చుకోండి: మూడు నెలల లోపు అయితే జీతం ఎంతైనా ఆ ఇల్లు ఇరుకులో ఉన్నట్టే. ఆరు నుంచి పన్నెండు నెలలు కుదురుగా ఉన్న ఇల్లు. రెండేళ్ళు దాటితే ఉన్నవాళ్ళు.

శ్రీకాకుళం జిల్లావాళ్ళు ఈ దశను రెండోసారి కూడా చేయాలి, వేరే ప్రశ్నతో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ ముందు రోజు వరకు ఐదెకరాల తోట ఉన్న ఇల్లంటే ఊళ్ళో గౌరవమే వేరు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళన్నీ ఆదాయం సున్నా. కాబట్టి తోటలున్నవాళ్ళు ఒక పంట పోతే అని కాకుండా, చెట్లే పోతే అని లెక్కేయాలి. తోట ఒక్కటే ఆధారమైన ఐదెకరాల ఇల్లు, తోటతో పాటు ఒక చిన్న జీతం కూడా ఉన్న రెండెకరాల ఇంటికన్నా తక్కువ నెలలు నిలవడం ఈ లెక్కలో మామూలే.

రెండోది కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఎన్నో ఊళ్ళను పీడిస్తున్న జబ్బు ఇది. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను ఉంది. అయినా వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్ళిరావాలి, తోడు ఒకరు పని మానుకోవాలి. రోగి కూలి పోయింది, తోడు వెళ్ళినవారి కూలీ సగం పోయింది, ఆటో ఖర్చు పెరిగింది. ఆసుపత్రి బిల్లు సున్నా అయినా ఇంటి లోటు సున్నా కాదు. ఈ లెక్కలో ఎన్ని నెలలు వస్తుందో చూసుకోండి.

లెక్క సరిపోయిందో లేదో చూడటం

ఏడాది ఆదాయం = ఖర్చు + దాచినది + తీర్చిన అసలు. ఈ రెండు వైపులూ పదో వంతు కన్నా ఎక్కువ తేడా వస్తే ఎక్కడో జారింది. ఆదాయం తక్కువగా, ఖర్చు ఎక్కువగా తేలితే సాధారణంగా రెండు కారణాలు: పాల డబ్బు, చిల్లర కూలి రాయలేదు, లేదా ఆ లోటును అప్పుతో పూడుస్తున్నారు. రెండోది అయితే తప్పు లెక్కలో లేదు, ఇంట్లో ఉంది. ఆదాయం ఎక్కువ, ఖర్చు తక్కువ తేలితే పెళ్ళి చదివింపులు, ఆసుపత్రి ఖర్చు, పండగ బట్టలు మరిచిపోయి ఉంటారు. అన్నిటికన్నా ఎక్కువగా జారిపోయేది చదివింపుల లెక్కే, ఎవరూ రాసుకోరు, అందరూ పెడతారు.

ఇంకో పద్ధతి: ఇద్దరు విడివిడిగా రాసి పోల్చుకోండి. భర్త ఒక కాగితం, భార్య ఒక కాగితం. తేడా వచ్చిన చోటే అసలు సంగతి ఉంటుంది. గొడవ పడకుండా చేయగలిగితేనే సుమా.

నాన్నగారి కాలపు జీతంతో మీ జీతాన్ని పోల్చేటప్పుడు ధరలు సరిచేయండి. 2012లో వంద రూపాయలకు వచ్చిన సరుకులు 2025లో కొనాలంటే దాదాపు రెండు వందలు కావాలి. అంటే 2012లో 25,000 తెచ్చిన ఇంటికి ఇప్పుడు 50,000 వస్తేనే ఉన్నచోట ఉన్నట్టు.

సంబంధం కోసమైతే

ఎదుటివారి పాసుపుస్తకాలు అడగలేం. మూడు ప్రశ్నలు మర్యాద చెడకుండా అడగవచ్చు. "అబ్బాయికి చేతికి ఎంత వస్తుందండీ?" "సొంత ఇల్లా, అద్దా బావగారూ?" "ఇంటి మీద లోను ఏమైనా నడుస్తోందా?" ఈ మూడు తెలిస్తే నాలుగో దశ వరకు వెళ్ళవచ్చు. ప్యాకేజీ ఎంత అని మాత్రం అడగవద్దు, దానికి వచ్చే జవాబుతో మీకు పనేమీ లేదు. అమ్మాయి జీతం కూడా ఇదే పద్ధతిలో రాయండి. పెళ్ళయ్యాక ఆమె ఉద్యోగం మానేయాలని ఎదుటివారు అనుకుంటున్నారేమో ముందే తెలుసుకోండి. ఆ ఒక్క మాటతో ఇంటి ఆదాయం సగానికి సగం మారుతుంది.

కౌలు రైతులకు

పట్టా పేరు వేరు, సాగు వేరు కాబట్టి రైతు సాయం మీ ఖాతాలో పడిందో, భూమి యజమాని ఖాతాలో పడిందో చూసి, పడినవారి లెక్కలోనే రాయండి. కౌలును ధాన్యంగా ఇస్తే అన్ని బస్తాలకూ మీకు చేతికొచ్చిన ధర కట్టి ఖర్చులో వేయండి. నగదుగా ముందే ఇచ్చి ఉంటే, ఆ డబ్బు వడ్డీకి తెచ్చినదైతే ఆ వడ్డీ కూడా కలపాలి. లెక్కను సంక్రాంతికి ముందు వేయవద్దు. ధాన్యం డబ్బులు ఖాతాలో పడి, ఎరువుల కొట్టు బాకీ తీరాక వేయండి. తోటలవాళ్ళయితే జీడి అమ్మకాలు ముగిసే జూన్ దాకా ఆగండి.